గోపాల్‌పూర్ మరమ్మతు షాపులో పాత ఔట్‌బోర్డు ఇంజనుకు స్టీరింగు బుష్‌ల పని: నా అనుభవం

ఒడిశాలోని గోపాల్‌పూర్ రేవుకు దగ్గరలో, బరంపురం వెళ్ళే దారి పక్కన, ఔట్‌బోర్డు ఇంజన్లు (బోటు వెనక బయటివైపు బిగించేవి) బాగుచేసే ఒక చిన్న షాపులో మా పాత టూ స్ట్రోక్ ఇంజనుకు స్టీరింగు లూజు తీయించాను. పనితనానికి పూర్తి మార్కులు ఇస్తాను. సమయపాలనకు, బిల్లుకు మాత్రం ఇవ్వలేను. గంజాం తీరంలో మన తెలుగు మత్స్యకార కుటుంబాల దగ్గర ఇలాంటి పాత ఇంజన్లు ఇంకా నడుస్తున్నాయి కనుక అక్కడ జరిగిన పనిని వివరంగా రాస్తున్నాను.

ఇంజను చక్కగానే స్టార్టయ్యేది, తోపు కూడా తగ్గలేదు. అయితే వేగం పెంచగానే హ్యాండిలు చేతిలో కొట్టుకునేది, అల మీద నుంచి బోటు దిగినప్పుడల్లా ఇంజనును బోటుకు పట్టి ఉంచే బ్రాకెట్టు దగ్గర టకటకమని చప్పుడు వచ్చేది. రుషికుల్య నది మొగ దగ్గర ఇసుక మేటల మధ్య నుంచి బోటును బయటికి తీసేటప్పుడు, మనం హ్యాండిలు తిప్పాక ఇంజను ఒక్క క్షణం ఆలస్యంగా తిరిగినా ప్రమాదమే. అంతకుముందు వేరే చోట ఒక మెకానిక్ స్టీరింగు బిగుతు బోల్టును తిప్పి పంపించేశారు. హ్యాండిలు ఎంత బరువుగా తిరగాలో ఆ బోల్టు నిర్ణయిస్తుందే తప్ప, లోపల స్టీరింగు తిరిగే షాఫ్టుకూ, దాని చుట్టూ తొడుగులా ఉండి అరిగిపోయిన బుష్‌కూ మధ్య ఏర్పడిన సందును అది పూడ్చలేదు. హ్యాండిలు బరువెక్కింది, చప్పుడు అలాగే ఉండిపోయింది.

ఈ షాపులోని పెద్దాయన పానా పట్టుకోవడానికి ముందే ఇంజనును స్టాండుకు బిగించి, కిందికి దించి, ఫ్యానుకు (నీటిలో తిరిగే ప్రొపెల్లరుకు) పైనుండే రేకును రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ, పక్కలకూ ఊపారు. నన్ను ఒక్కొక్క అతుకు మీద వేలు పెట్టి చూడమన్నారు. ముందుగా బోటు వెనకచెక్కను పట్టుకునే బిగింపు మరలు, తరువాత ఇంజనును పైకెత్తే అడ్డగొట్టం, ఆ తరువాత స్టీరింగు షాఫ్టు పై కొస, కింది కొస, చివరగా రబ్బరు మౌంట్లు చూపించారు. రబ్బరు దగ్గర కదలిక మెత్తగా ఉండి వెంటనే వెనక్కి వస్తుంది. అది ఇంజను అదురును ఆపడానికి కావాలని పెట్టిన కదలిక. అరిగిన బుష్ దగ్గర మాత్రం ఏ అడ్డూ లేకుండా జారి, చివరన లోహం తగిలిన చప్పుడు వస్తుంది. "బాబూ, లూజు ఎక్కడుందో చెయ్యి చెప్పాకే విప్పాలి" అన్నారాయన. నాకు ఈ షాపు మీద నమ్మకం కుదిరింది అక్కడే.

మా ఇంజనులో లూజు షాఫ్టు రెండు కొసల్లోనూ ఉంది. అడుగున సర్‌క్లిప్ (భాగం జారిపోకుండా పట్టి ఉంచే రింగు) తీసి, షాఫ్టు మీది గాడి పళ్ళలో బిగిసి ఉన్న కింది మౌంటు భాగాన్ని కదపడానికి చాలా శ్రమ పట్టింది. ఉప్పు పేరుకుని బిగుసుకుపోయిన చోట సుత్తితో బాదితే అల్యూమినియం బ్రాకెట్టు పగులుతుందని, తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రంతా ఉంచి, మరునాడు కొద్దిగా వేడి చేసి తీశారు. బయటికి వచ్చిన బుష్‌లు గుండ్రంగా లేవు. ఫ్యాను తోపు కింద పడుతుంది కాబట్టి కింది బుష్ ముందువైపు, పై బుష్ వెనకవైపు అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చాయి.

ఆ మోడలుకు కంపెనీ బుష్‌లు దొరక్కపోవడంతో బరంపురంలో లేత్ మీద చేయించాల్సి వచ్చింది. నేను ఇత్తడి అడిగాను, ఆయన ఒప్పుకోలేదు. ఉప్పునీటిలో అల్యూమినియాన్ని తాకుతూ ఇత్తడి ఉంటే అల్యూమినియమే తినేసుకుపోతుందని చెప్పారు, అది నిజమే. నైలాన్ నీటిని పీల్చి ఉబ్బుతుంది, అప్పుడు హ్యాండిలు పట్టేస్తుంది. అందుకని డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ కడ్డీ ఎంచుకున్నారు. షాఫ్టును మూడు నాలుగు చోట్ల మైక్రోమీటరుతో కొలిచి, అది అరగలేదని నిర్ధారించుకున్నాకే బుష్ కొలత ఇచ్చారు. బుష్‌ను బ్రాకెట్టులోకి నొక్కినప్పుడు దాని లోపలి రంధ్రం కాస్త ముడుచుకుంటుంది కనుక, నొక్కాక మళ్ళీ రీమరు (రంధ్రాన్ని సరైన కొలతకు తెచ్చే పనిముట్టు) పట్టారు. గ్రీసు కొసల దాకా చేరేందుకు లోపల సన్నని గాడులు కూడా తీయించారు. ఈ గాడులు లేకుండా సాదా బుష్ వేసి ఇచ్చే షాపులు ఉన్నాయి. అలాంటి చోట గ్రీసు ఎక్కించే నిప్పుల్‌లో ఎంత గ్రీసు కొట్టినా అది మధ్యలోనే ఆగిపోతుంది.

బిగించాక సముద్రపు గ్రీసును పైనా కిందా కొత్త గ్రీసు కనిపించేదాకా ఎక్కించి, చివరగా బిగుతు బోల్టును సరిచేశారు. ఇప్పుడు హ్యాండిలు ఒక చేత్తో తిరుగుతుంది, పూర్తి వేగంలోనూ కొట్టుకోదు, చప్పుడు పూర్తిగా పోయింది. వంద గంటలకో ఆరు నెలలకో గ్రీసు పెట్టమని చాలా కంపెనీల పుస్తకాల్లో ఉంటుంది కానీ, ఇసుకలో బోటు లాగే మన తీరంలో అంతకంటే తరచుగా పెట్టాలని ఆయన గట్టిగా చెప్పారు. ఆ మాట నేను పాటిస్తున్నాను.

ఇక లోటుపాట్లు. చెప్పిన రోజుకు పని పూర్తి కాలేదు. లేత్ పని బయటి నుంచి రావాలి కాబట్టి ఆలస్యాన్ని అర్థం చేసుకోగలను, కానీ ఒక్క ఫోను చేసి చెప్పి ఉండాల్సింది. లేత్ ఖర్చు, కూలి, గ్రీసు అన్నీ కలిపి నోటితో ఒకే మొత్తం చెప్పారు. విడివిడిగా రాసిమ్మని అడిగితేనే రాశారు. ఆ మొత్తం న్యాయంగానే ఉంది, కాగితం అడగకుండానే ఇస్తే మరింత బాగుండేది.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట నిషేధంలో ఇచ్ఛాపురం వైపు నుంచి కూడా ఇంజన్లు ఇక్కడికి వస్తాయి, అప్పుడు షాపు కిక్కిరిసి ఉంటుంది. వీలైతే అంతకుముందే తీసుకెళ్ళండి. బుష్‌లు మాత్రమే విప్పి పట్టుకెళ్ళకుండా షాఫ్టునూ బ్రాకెట్టునూ కలిపి తీసుకెళ్ళండి. ఆ రెండింటినీ కొలవకుండా ఆయన లేత్‌కు కొలత ఇవ్వరు.