నాలుగేళ్ల వాడకం తర్వాత కోడ్ 100 ఫ్లెక్స్ ట్రాక్: పట్టాకి వంక లేదు, చిక్కంతా అతుకుల దగ్గరే

8×4 అడుగుల ప్లైవుడ్ మీద హెచ్‌ఓ స్కేలు (అసలులో 87వ వంతు) మోడల్ రైలు ఓవల్, వంపులు 559 మి.మీ. వ్యాసార్థంతో. వేసింది ఫ్లెక్స్ ట్రాక్, అంటే కావలసినట్టు వంచుకోగల పట్టాల ముక్కలు. చుట్టుకొలత దాదాపు 5.95 మీటర్లు, అంటే 914 మి.మీ. ముక్కలు ఏడు. ఎనిమిది కొనండి, ఒకటి కోతల్లో పోతుంది.

ముందు రూపం సంగతి. కోడ్ అంటే పట్టా ఎత్తు, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన; 100 అంటే 2.54 మి.మీ. మన లైన్ల మీది (మీటరుకి 60 కిలోల) పట్టా ఎత్తు 172 మి.మీ., దాన్ని 87తో భాగిస్తే రెండు మి.మీ. కూడా రాదు. కాబట్టి ఇది కాస్త లావుగానే కనిపిస్తుంది. చూపే ముఖ్యమనుకుంటే కోడ్ 83 తీసుకోండి. గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) కూడా అంతే: 16.5 మి.మీ. అనేది హైదరాబాద్ మెట్రోకి సరిపోయే కొలత, బ్రాడ్ గేజ్‌కి 19 పైన కావాలి. లోహం మాత్రం భేష్. నికెల్ సిల్వర్ అంటారు గానీ అందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింక్ అంతే. ఇత్తడి పట్టాలాగా మాటిమాటికీ నల్లబడి కరెంటుని ఆపదు.

రెండు పట్టాల్లో ఒకటి స్లీపర్లకి బిగిసి ఉంటుంది, రెండోది జారుతుంది. వంచేటప్పుడు జారే పట్టా లోపలివైపు ఉండాలి. ఈ వంపులో ఒక్కో ముక్కకి అది సుమారు 27 మి.మీ. బయటికి పొడుచుకొస్తుంది. కటర్‌తో కోస్తే ఒక ముఖం నున్నగా, రెండోది నొక్కుకుపోయి వస్తుంది. నున్నటి ముఖం ఉంచుకునే ముక్కవైపు రావాలి. వంపు మధ్యలో అతుకు పడితే రెండు ముక్కల్నీ తిన్నగా ఉండగానే సోల్డర్ చేసి, ఆ తర్వాత వంచండి. లేకపోతే అక్కడ మోచేయిలా విరుపు వస్తుంది, పెట్టెలు అక్కడే పట్టాలు తప్పుతాయి.

అసలు పాఠం వైరింగ్‌ది. జాయినర్ (అతుకు దగ్గర రెండు పట్టా కొనల్ని కలిపే చిన్న తొడుగు) పట్టాల్ని వరసలో పట్టుకోవడానికే, కరెంటుకి కాదు. కొత్తలో బండి బాగానే తిరుగుతుంది. కంకరకి పోసిన నీళ్ల ఫెవికాల్ జాయినర్లలోకి దిగి ఎండిపోతుంది, పైన రెండు వానాకాలాల తేమ. ఇక కరెంటు ఇచ్చే చోటుకి దూరంగా ఉన్న మూల ఇంజన్ ఈడ్చుకుంటూ పోతుంది. అందుకే ప్రతి ముక్కకీ రెండు ఫీడర్లు (మెయిన్ లైను నుంచి పట్టాకి కరెంటు తెచ్చే చిన్న వైర్లు), మొత్తం 14. బల్ల కింద మెయిన్ లైనుకి 1.5 చ.మి.మీ. ఇంటి వైరు, ఫీడర్లకి 0.5 చాలు. వెలుపలి పట్టా ఎరుపు, లోపలిది నలుపు.

ఫీడర్ అతికేటప్పుడు పట్టా బయటి పక్కని ఆకురాయితో గీకి, దానికీ వైరుకీ విడివిడిగా సోల్డర్ పూసి, ఐరన్ రెండు మూడు సెకన్లే ఆనించాలి. అటూ ఇటూ తడి దూది పెట్టండి. 25 వాట్ల ఐరన్ వేడెక్కించేలోపు ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి; 40 వాట్లదే నయం. ఇంజన్ పక్కన పెట్టి, ఒక్కో ఫీడర్ కలిపాక రెండు పట్టాల మధ్య మల్టీమీటర్‌ని బజర్ మోడ్‌లో పెట్టి చూడండి. బజర్ మోగితే తప్పు ఇప్పుడే కలిపిన వైరుదే. అన్నీ కలిపాక చూస్తే ఏదో తేల్చడానికి ఒక ఆదివారం పోతుంది.

పాయింట్ అంటే బండి దారి మార్చే చోటు, ఫ్రాగ్ అంటే అందులో రెండు దారుల పట్టాలు కలిసే V ఆకారపు ముక్క. కరెంటు పారే ఫ్రాగ్ ఉన్న పాయింట్ అయితే, ఫ్రాగ్ నుంచి వెళ్లే రెండు పట్టాలకీ ప్లాస్టిక్ జాయినర్లు తప్పనిసరి. మరిస్తే పాయింట్ తిప్పగానే షార్ట్. పాయింట్‌ని తిప్పే సోలినాయిడ్ మోటారు మీట ఎక్కువసేపు నొక్కితే కాయిల్ కాలుతుంది, 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉన్న డిశ్చార్జ్ యూనిట్ పెట్టుకోండి.

అన్ని అతుకులూ సోల్డర్ చేయకండి. తేమకి ప్లైవుడ్ ఉబ్బి, మళ్లీ కుంచించుకుంటుంది. జరగడానికి చోటు లేని పట్టా వంకర తిరుగుతుంది. తిన్నని భాగాల్లో విజిటింగ్ కార్డు మందం సందు వదలండి. ఫీడర్లు ఉన్నాయి కాబట్టి కరెంటుకి ఢోకా లేదు. ప్లైవుడ్‌కి రెండు వైపులా పెయింట్ మాత్రం ముందే వేయాలి.

డీసీసీ (పట్టాల ద్వారానే ఇంజన్లకి డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) వాడేవాళ్లు అన్నీ అయ్యాక రూపాయి బిళ్ళని ప్రతి అడుగుకీ పట్టాలకి అడ్డంగా పెట్టి చూడాలి. బూస్టర్ (పట్టాలకి కరెంటు ఇచ్చే పెట్టె) టక్కున ట్రిప్ అవ్వాలి. ఎక్కడైనా అవ్వకపోతే అక్కడ ఇంకో ఫీడర్ పడాలి. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి గుడ్డ. గరుకు కాగితం వద్దు, ఆ గీతల్లోనే మసి పేరుకుంటుంది.