సెబ్ మేలా, ఈగల్ మేలా? పొట్లంతో దొరికిన కుర్రాడి వైపు నుంచి చూస్తే

విజయవాడ, గుంటూరుల్లో గంజాయి బ్యాచ్ మాట వచ్చినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటే: ఈ విషయంలో జగన్ పద్ధతి మేలా, చంద్రబాబు పద్ధతి మేలా?

సరుకు పట్టుకునే దగ్గర ఇద్దరికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఏమీ లేదు. జగన్ ప్రభుత్వం 2020 మేలో మద్యం, ఇసుక అక్రమాల కోసం సెబ్ (స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో) పెట్టి గంజాయినీ దాని నెత్తినే వేసింది. 2021 చివర్లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో మన్యంలో తోటలు నరికించింది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోలు తగలబెట్టింది. ఫొటోలు బాగా వచ్చాయి గానీ, ఒడిశా వైపు పండేది మన కొడవలికి అందదు.

చంద్రబాబు వచ్చాక సెబ్‌ను ఎత్తేసి, 2024 నవంబరులో మత్తుపదార్థాల కోసమే ఈగల్ అనే ప్రత్యేక పోలీసు విభాగం పెట్టారు. ఇది మెరుగే. ఇసుక లారీల వెంట తిరిగే మనిషికి ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల చట్టం) పంచనామా కుదురుగా రాసే తీరిక ఉండదు, కేసులు జారిపోయేది అక్కడే. ఒళ్లు తడిమి సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట సోదా కోరే హక్కు ఉందని చెప్పాలి. అది సెక్షన్ 50. సంచీ సోదాకు అది వర్తించదు. శాంపిళ్లు మేజిస్ట్రేటు సమక్షంలో తీయాలన్నది సెక్షన్ 52ఎ. ఈ రెంటిలో ఏది తప్పినా లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

నా లెక్కలో తేల్చాల్సింది మాత్రం వేరు. హాస్టల్ గదిలో 20 గ్రాముల పొట్లంతో దొరికిన కుర్రాణ్ణి ఏం చేస్తున్నాం? గంజాయిలో కిలో వరకు చిన్న పరిమాణం: ఏడాది వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. వాడకం ఒక్కటే అయితే 6 నెలల వరకు. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు. ఆ చిన్న కేసులకు చట్టంలోనే సెక్షన్ 64ఎ అనే తలుపు ఉంది: అలవాటుపడినవాడు తనంతట తానే వైద్యానికి ఒప్పుకుంటే విచారణ నుంచి మినహాయింపు. ఆసుపత్రి మాత్రం ప్రభుత్వానిదో, ప్రభుత్వ గుర్తింపు ఉన్నదో అయి ఉండాలి. ఊరవతల గుర్తింపులేని ‘రీహాబ్’లో లక్ష పోసినా అక్కరకు రాదు. మధ్యలో మానేస్తే మినహాయింపు రద్దుచేయవచ్చు కాబట్టి ఓపీ చీటీలు మొదటి రోజునుంచీ దాచాలి.

వైద్యం మధ్యలో వదిలేసే ప్రమాదం మొదటి వారంలోనే ఎక్కువ. గంజాయి ఆపిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్రలేమి, ఆకలి చచ్చిపోవడం మొదలై ఆ వారంలోనే ముదురుతాయి. రెండు వారాలకు చాలావరకు తగ్గినా నిద్ర కుదరడానికి ఇంకా పడుతుంది. దీనికంటూ ప్రత్యేకమైన మందు లేదు, కౌన్సెలింగే ప్రధానం. రోజూ తాగినవాడి మూత్రంలో నెల తర్వాత కూడా ఆనవాలు కనిపించవచ్చు. అది చూసి ‘మళ్లీ తాగావు’ అని ఇంట్లో తన్నడం మొదలుపెడితే వైద్యం అంతటితో సరి.

చంద్రబాబు పద్ధతి తడబడేది ఇక్కడే. గంజాయి కేసుల్లో దొరికినవారి కుటుంబాలకు పథకాలు ఆపుతామన్న మాట ఈ ప్రభుత్వంలోనే వినిపించింది. పింఛను పోతుందని భయపడ్డ తల్లి కొడుకును ఆసుపత్రికి తీసుకెళ్తుందా, గదిలో పెట్టి గొళ్లెం పెడుతుందా? అమ్మేవాడి ఆస్తి జప్తు చేయడం వేరు. పెద్ద కేసుల్లో దానికి చట్టంలో చోటుంది, దాన్ని ఎంత గట్టిగా వాడితే అంత మంచిది. సెబ్ కాలంలోనూ 64ఎ ఊసు పెద్దగా లేదు కాబట్టి అటువైపు వాళ్లు మురిసిపోవాల్సింది లేదు.

రెంటిలో ఒకటి ఎంచుకోమంటే ఈగల్ వైపే మొగ్గుతాను, పథకాల కోత మాట మానుకుంటే. ఈలోగా నంబర్లు కలిపేయకండి: అమ్మేవాడి సమాచారం చెప్పాలంటే 1972, వాడే పిల్లాడి వైద్యం గురించి అడగాలంటే 14446.