ఎన్‌సీవ్యూ: పదకొండేళ్ల వాడకం, ఒక తెలుగు పేరు

పదకొండేళ్లుగా ఏ నెట్‌సీడీఎఫ్ ఫైలు (వాతావరణ లెక్కల్లాంటివి గళ్లుగా దాచే ఫైలు) చేతికొచ్చినా, మొదట దాన్ని బొమ్మగా చూపించే ఎన్‌సీవ్యూ అనే ప్రోగ్రామ్‌లోనే తెరుస్తున్నాను. విశాఖలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఒక సీనియర్ నేర్పించారు. ఏ బటన్ ఏం చేస్తుందో ఇక్కడ రాయను, ఈ ఫైళ్లతో పనిచేసేవాళ్లకు అవన్నీ తెలిసినవే. కిందటి వానాకాలంలో అది నా లాప్‌టాప్‌లో పనిచేయడం మానేసింది. దాన్ని నేనే బాగు చేసుకున్నాను. ఆ సంగతి చెప్పాలనే ఇదంతా.

ఒక రైతు సంఘానికి ఏటా వర్షపాతం మ్యాపులు వేసి ఇస్తుంటాను. భారత వాతావరణ శాఖ ఇచ్చే పావు డిగ్రీ గ్రిడ్ డేటా (అక్షాంశ రేఖాంశాల్లో పావు డిగ్రీకొక గడి) అందుకు ఆధారం. 1901 నుంచి రోజువారీ లెక్కలు, ఒక్కో రోజుకు 135 × 129 గళ్లు. అందులో మన రెండు రాష్ట్రాల ముక్క కత్తిరించి, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కూడి, పైథాన్‌లో మ్యాపు గీస్తాను. మ్యాపు పైన వచ్చే శీర్షికను ఫైల్లోని లాంగ్‌నేమ్ నుంచే, అంటే ఆ లెక్కలకు ఫైల్లో రాసే పూర్తి పేరు నుంచే తీసుకుంటాను. చదివేది రైతులు కాబట్టి ఈసారి ఆ పేరును తెలుగులోకి మార్చాను: ‘నైరుతి రుతుపవనాల కాలంలో కురిసిన మొత్తం వర్షపాతం’. మ్యాపులు చక్కగా వచ్చాయి. పంపేముందు అలవాటుగా ఒకసారి ఎన్‌సీవ్యూలో చూద్దామని తెరిచాను.

కిటికీ అలా వచ్చి ఇలా మాయమైపోయింది. టెర్మినల్లో ‘బఫర్ ఓవర్‌ఫ్లో డిటెక్టెడ్’ (కేటాయించిన మెమరీ జాగా పొంగింది) అని ఒక వరుస, అంతే.

మొదట ఫైలే పాడైందనుకున్నాను. ఫైల్లో ఉన్నదాన్ని అక్షరాల్లో చూపించే ఎన్‌సీడంప్‌తో చూస్తే అంతా సవ్యంగానే ఉంది, తెలుగు పేరు కూడా ముచ్చటగా కనిపిస్తోంది. పైథాన్ తెరుస్తోంది. ఫైలును మళ్లీ తయారుచేశాను, కంప్రెషన్ తీసేశాను, పాత నెట్‌సీడీఎఫ్-3 రూపంలోకి మార్చాను. ఫలితం లేదు. వేరే ఊళ్లో పనిచేసే స్నేహితుడికి పంపితే, ‘నాకు బాగానే తెరుచుకుంటోందిరా, నీ మెషీన్‌లోనే ఏదో తేడా ఉంది’ అన్నాడు. రెండు రోజులు అలాగే గడిచాయి. సంఘం వాళ్లు ఫోన్ చేస్తున్నారు, నాకేమో టెన్షన్.

మూడో రోజు సాయంత్రం, మిగిలినవన్నీ అలాగే ఉంచి లాంగ్‌నేమ్ ఒక్కటీ ఇంగ్లీషులోకి మార్చి చూశాను. తెరుచుకుంది.

అప్పుడు కూర్చుని లెక్కపెట్టాను. ఆ తెలుగు పేరులో మన కంటికి కనిపించేవి 22 అక్షరాలు, మధ్యలో 5 ఖాళీలు. కానీ కంప్యూటర్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు వర్ణం ప్రతిదీ 3 బైట్లు తీసుకుంటుంది. అందులో గుణింతం గుర్తు వేరు, పొల్లు వేరు, సున్న వేరు. ‘త్తం’ అనే ఒక్క అక్షరమే 4 వర్ణాలు, 12 బైట్లు. మొత్తం పేరు 131 బైట్లు తేలింది. అదే సంగతి ఇంగ్లీషులో రాస్తే 32 బైట్లు. ‘డిస్‌ప్లేయింగ్’ అనే మాట పక్కన ఈ పేరు చేర్చి కిటికీలో చూపించే వరుస ఒకటి ఉంటుంది కదా, దాన్ని తయారుచేసే చోట పట్టే జాగా కంటే నా పేరు పెద్దదైపోయింది.

మరి స్నేహితుడి దగ్గర ఎందుకు తెరుచుకుంది? ఇదే నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది. అతను సోర్స్ (ప్రోగ్రామ్ రాసిన కోడ్) నుంచి సొంతంగా కంపైల్ చేసుకున్నాడు, అంటే నడిచే ప్రోగ్రామ్‌గా తనే కట్టుకున్నాడు. నాది ఉబుంటు లినక్స్‌వాళ్లు ముందే కట్టి ఇచ్చే ప్యాకేజీ. ప్యాకేజీలు కట్టేటప్పుడు ఫోర్టిఫై సోర్స్ అనే రక్షణ ఆన్ చేస్తారు. జాగాకు మించి రాయబోతే అది వెంటనే ప్రోగ్రామ్‌ను ఆపేస్తుంది. అతని దగ్గర ఆ రక్షణ లేదు కాబట్టి, పేరు తన హద్దు దాటి పక్కనున్న మెమరీ మీద చడీచప్పుడు లేకుండా రాసేస్తోంది. అదృష్టవశాత్తూ అక్కడ ముఖ్యమైనదేదీ లేదు. రెండు రోజులు నేను తిట్టుకున్న ప్యాకేజీ సరిగ్గా చేయాల్సిన పనే చేసింది.

భోజనం చేసి తొమ్మిదింటికి కూర్చున్నాను. ‘ఆప్ట్ సోర్స్ ఎన్‌సీవ్యూ’ అని కొడితే, నా మెషీన్‌లో నడుస్తున్న ప్రోగ్రామ్ ఏ కోడ్ నుంచి వచ్చిందో ఆ కోడే, ప్యాకేజీవాళ్లు చేర్చిన ప్యాచ్‌లతో (చిన్న సవరణలతో) సహా దిగింది. బిల్డ్‌డెప్ కొడితే దాన్ని కట్టడానికి కావలసిన లైబ్రరీలన్నీ అవే వచ్చాయి. యూడీయూనిట్స్ ఎక్కడ, పీఎన్‌జీ హెడర్లు ఎక్కడ అని వెతకనక్కర్లేదు. ఒకప్పుడు సొంతంగా కంపైల్ చేయబోయి, నెట్‌సీడీఎఫ్‌ను కట్టిన కంపైలర్‌తోనే దీన్నీ కట్టాలన్న ఒక్క నిబంధన దగ్గర వారం పోగొట్టుకున్నవాణ్ణి. అందుకే ఆ రాత్రి ఆ రెండు కమాండ్లూ నాకు అంత గొప్పగా అనిపించాయి.

తప్పులు వెతికే జీడీబీలో నడిపి, ఆగినచోట బ్యాక్‌ట్రేస్ (కోడ్‌లో అక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్పే జాబితా) తీస్తే వరుస నంబరుతో సహా చూపించింది. అక్కడ హద్దు చూడకుండా రాసేసే ఒక ఎస్‌ప్రింట్‌ఎఫ్. దాన్ని హద్దు చూసి రాసే ఎస్ఎన్‌ప్రింట్‌ఎఫ్ చేసి, జాగా ఎంతో సైజాఫ్‌తో చెప్పాను. ఆ జాగాను, అంటే అరేను, అదే ఫంక్షన్‌లో ప్రకటించారు కాబట్టి సరిపోయింది. పాయింటర్‌గా, అంటే ఒట్టి చిరునామాగా వచ్చి ఉంటే సైజాఫ్ ఆ చిరునామా సైజే 8 అని చెప్పి కొత్త తప్పు తెచ్చేది. తర్వాత ఇంకోటి తోచింది: బైట్ల లెక్కన కత్తిరిస్తే ఒక తెలుగు వర్ణం మధ్యలో తెగిపోవచ్చు. అందుకని తెగిన బైట్లను వెనక్కి తుడిచే రెండు వరుసలు చేర్చాను. ప్యాకేజీ కట్టి, ఇన్‌స్టాల్ చేసి, ఫైలు తెరిచేసరికి ఒంటిగంట. రంగుల్లో మన తీరం కనిపించింది. ఆ సంతోషంలో రెండింటిదాకా నిద్రపట్టలేదు. ఎక్కడో ఎవరో రాసిన ప్రోగ్రామ్‌లో, నా భాష వల్ల బయటపడిన తప్పును ఇంట్లో కూర్చుని నేనే సరిచేయగలిగాను. ఇన్నేళ్లలో ఏ సాఫ్ట్‌వేర్ దగ్గరా నాకు ఆ తృప్తి దొరకలేదు. మర్నాడు ప్యాకేజీ చూసుకునేవాళ్లకు ప్యాచ్ పంపాను, ఆ తెలుగు పేరున్న చిన్న ఫైలును కూడా జతచేసి.

అక్కడితో అయిపోలేదు. అక్టోబర్‌లో మామూలుగా సిస్టమ్ అప్‌గ్రేడ్ కొట్టాను. నేను కట్టిన ప్యాకేజీ పోయి, దాని చోట పాత తప్పుతోనే కొత్త వెర్షన్ వచ్చి కూర్చుంది. అది నాకు తెలిసింది సంఘం సమావేశంలో, ప్రొజెక్టర్ ముందు. మ్యాపు మీద తమ మండలం దగ్గర నొక్కితే ఏళ్లవారీ గ్రాఫు వస్తుందని పెద్దవాళ్లకు చూపిద్దామని తెరిస్తే కిటికీ మాయం. వాళ్లకు గ్రాఫు చూపించలేకపోయానే అన్న బాధ ఇంకా ఉంది. అప్‌గ్రేడ్‌లో ఈ ప్యాకేజీని మార్చొద్దని చెప్పే ‘ఆప్ట్‌మార్క్ హోల్డ్’ అన్న ఒక్క కమాండ్ ముందే కొట్టి ఉంటే సరిపోయేది. ఇప్పుడు కొట్టాను. ప్యాచ్ ఫైలునూ విడిగా దాచుకున్నాను.

ఇంకో సంగతి. జూనియర్లు అడిగితే ‘ప్యాకేజీ వేసుకో, ఇంకేం చూడక్కర్లేదు’ అని చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత ధీమాగా చెప్పను. క్రాష్ పోయినా ఆ కిటికీలో తెలుగు తెలుగులా కనబడదు, పిచ్చి గుర్తులు వస్తాయి. ఎన్‌సీవ్యూ కిటికీలు గీయడానికి వాడే ఎథీనా విడ్జెట్లు పాత కాలంవి, వాటి జోలికి వెళ్లేంత శక్తి నాకు లేదు. రంగుల హద్దుల కోసం మొదట అది అన్ని రోజుల్నీ చదవదు, కొన్నింటిని మాత్రమే చూసి కనిష్ఠం, గరిష్ఠం పెడుతుంది. ఉష్ణోగ్రతకైతే ఫరవాలేదు. వానకు మాత్రం ప్రమాదం. 204.5 మిల్లీమీటర్లు కురిసిన అతి కుంభవృష్టి రోజు ఆ కొన్నింటిలో పడకపోతే, 70 కురిసిన చోటూ 204 కురిసిన చోటూ ఒకే ఎరుపులో కనబడతాయి. రోజువారీ వాన ఫైలును మిన్‌మాక్స్ ఆప్షన్‌కు ‘ఆల్’ ఇచ్చి తెరవడం ఇప్పుడు నా అలవాటు. కాస్త ఆలస్యమవుతుంది, అవనీ.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇదే వేసుకోవాలా అంటే, మీ పనినిబట్టి. నాది ఎక్కువగా రిమోట్ సర్వర్‌లో ఉన్న ఫైలును అక్కడే తెరిచి పది సెకన్లలో సరిగ్గా ఉందో లేదో తేల్చుకునే పని. దానికి ఇంతకంటే తేలికైనది నాకు దొరకలేదు. పైగా నాకు సీ భాష కొంచెం వచ్చు, రాత్రి నాలుగు గంటలు కూర్చునే వెసులుబాటు ఉంది. అవి రెండూ లేకపోతే ఫైల్లో పేర్లు ఇంగ్లీషులోనే ఉంచి, తెలుగును మ్యాపు గీసే స్క్రిప్టులో రాసుకోండి. నేను మాత్రం తెలుగు పేర్లు మార్చలేదు.