ఇంగ్లండులో ఇల్లు కొంటుంటే ఏజెంటు చూపిన లాయరా, మనం వెతుక్కున్న లాయరా: ఏది మేలు?

ఇల్లు నచ్చి, ధర కుదిరి, అమ్మేవారు సరేనన్న మర్నాడే ఎస్టేట్ ఏజెంటు ఫోన్ చేస్తాడు. ‘మీకు లాయరు ఉన్నారా? లేకపోతే మేమే చూపిస్తాం, పని త్వరగా అవుతుంది’ అంటాడు. ఆ సంతోషంలో చాలామంది ఒప్పేసుకుంటారు. మేమూ ఒప్పుకున్నాం. ఆ ఇల్లు మాకు దక్కలేదు. రెండోసారి మేమే ఊళ్లో ఒక సొలిసిటర్‌ను, అంటే అన్ని రకాల న్యాయపనులూ చూసే లాయరును, వెతుక్కున్నాం. ఇప్పుడు ఉంటున్న ఇల్లు ఆవిడ చేతి మీదుగా వచ్చిందే. రెండు దారులూ నడిచాను కాబట్టి, ఇక్కడ ఇల్లు కొనాలనుకునే తెలుగువాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మన ఊళ్లో లాయరు దగ్గరికి వెళ్లేది లింకు డాక్యుమెంట్లు, ఈసీ ముందు పెట్టి ‘ఈ స్థలం మీద అమ్మేవాడికి హక్కు ఉందా’ అని అడగడానికి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నమోదయ్యేది దస్తావేజే. హక్కుకు ప్రభుత్వం పూచీ పడదు. ఇంగ్లండు, వేల్స్‌లలో ల్యాండ్ రిజిస్ట్రీ నమోదు చేసేది హక్కునే, దానికి ప్రభుత్వ హామీ కూడా ఉంది. 7 పౌండ్లు కడితే నమోదైన ఏ ఇంటి రిజిస్టరునైనా ఇంట్లో కూర్చుని తెప్పించుకోవచ్చు. ఇంతటి వ్యవస్థ ఉన్నప్పుడు లాయరు చేసేదేముంది, చవకగా వచ్చేవారు చాలు కదా అనుకున్నాను. అక్కడే పొరపడ్డాను. లాయరు నేర్పు తెలిసేది వేరేచోట. స్థానిక కౌన్సిల్ నుంచి వచ్చిన సెర్చులో, అంటే ఆ ఇంటి మీద అక్కడున్న రికార్డుల నివేదికలో, ఏమి దాగి ఉందో చూడటం, ఫ్లాటయితే లీజు షరతులు చదవడం, మన డబ్బు ఎక్కడిదో రుజువు చేయించడం, పన్ను సరిగ్గా లెక్కకట్టడం, ఇవన్నీ ఆ లాయరు పనే. పైగా కాంట్రాక్టులు మార్చుకునే రోజు వరకు, అంటే ఎక్స్ఛేంజ్ వరకు, అమ్మేవారు పరిహారమేమీ ఇవ్వకుండా తప్పుకోవచ్చు. లాయరు ఆఫీసులో ఫైలు నిద్రపోయిన ప్రతి వారమూ ఇల్లు చేజారే ప్రమాదం ఉన్న వారమే.

ఏజెంటు చూపే సంస్థ చాలాసార్లు ఊళ్లో ఉండదు. ఎక్కడో దూరంగా, ఒకేసారి వందల ఫైళ్లు నడిపే పెద్ద ఆఫీసు అయి ఉంటుంది. మనల్ని పంపినందుకు ఏజెంటుకు రెఫరల్ ఫీజు ముడుతుంది. అది చట్టవిరుద్ధం కాదు, కానీ ఆ సంగతి మనకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ‘మీకెంత వస్తుంది’ అని సూటిగా అడగండి, అందులో మొహమాటమేమీ లేదు. ఏజెంటు అమ్మేవారి మనిషి, జీతం వాళ్లిచ్చేదే. ఆయన సిఫారసును ఆ దృష్టితోనే చూడాలి.

మా ఫైలు ఆగింది నాన్నగారి డబ్బు దగ్గర. పల్నాడులో ఒక స్థలం అమ్మి, డిపాజిట్ కోసం ఆయన కొంత సొమ్ము పంపారు. డబ్బు ఎక్కడిదని లాయరు అడగడం ఇక్కడ చట్టం పెట్టిన బాధ్యత, అందులో తప్పులేదు. అయితే ఆ సంస్థ ఆ అడగడమే పద్ధతిగా అడగలేదు. మొదట బ్యాంకు స్టేట్‌మెంటు అడిగింది. రెండు వారాలకు అమ్మకపు దస్తావేజు కావాలంది. పంపితే, తెలుగులో ఉంది, ధ్రువీకరించిన అనువాదం కావాలంది. అదీ పంపేసరికి మా ఫైలు చూసే మనిషి మారిపోయారు, కొత్తవారు మళ్లీ స్టేట్‌మెంటు అడిగారు. పదకొండో వారంలో అమ్మేవారు విసిగిపోయి ఇంకొకరికి ఇచ్చేశారు. సెర్చులకు, ఇంటి స్థితి పరీక్షించే సర్వేకు కట్టిన సొమ్ము పోయింది.

రెండోసారి దొరికిన సొలిసిటర్ ఆఫీసు హై స్ట్రీట్‌లో ఒక బేకరీ పైన రెండు గదులు. మొదటి అరగంటలోనే ఆవిడ ఒక కాగితం తీసుకుని కావలసినవన్నీ వరుసగా రాసిచ్చారు: నాన్నగారి పాస్‌పోర్టు, దస్తావేజు, దాని అనువాదం, సొమ్ము ఆయన ఖాతాలో పడిన రోజు నుంచి మా ఖాతాకు వచ్చిన రోజు వరకు ప్రతి స్టేట్‌మెంటూ, ఇది అప్పు కాదు బహుమతి, ఇంట్లో నాకు వాటా అక్కర్లేదు అని ఆయన సంతకంతో ఒక ఉత్తరం. తర్వాత దస్తావేజులోని అంకె మీద వేలు పెట్టి, బ్యాంకులో పడ్డ అంకెతో సరిచూశారు. మన దగ్గర చాలామందికి చిక్కు వచ్చేది ఇక్కడే. దస్తావేజులో ఒక ధర రాసి, మిగతాది నగదుగా తీసుకుంటే, ఆ నగదుకు ఇక్కడ ఏ లాయరు ముందూ జవాబు ఉండదు. నాన్నగారు మొత్తం బ్యాంకులోనే తీసుకున్నారు కాబట్టి గట్టెక్కాం.

అదే రోజు ఆవిడ అడిగిన మరో ప్రశ్న మాకు ఇంకా పెద్ద మేలు చేసింది. ‘భారతదేశంలో మీ ఇద్దరిలో ఎవరి పేరునైనా ఇల్లు ఉందా?’ హైదరాబాద్‌లో నా భార్య పేరిట ఒక ఫ్లాట్ ఉంది. మొదటి సంస్థ ఆన్‌లైన్ ఫారంలో ‘ఇది మీ మొదటి ఇల్లా’ అన్న గడిలో నేను అవునని టిక్కు పెట్టాను, ఇంగ్లండులో మొదటిదే కదా అని. ఎవరూ మళ్లీ అడగలేదు. స్టాంప్ డ్యూటీ విషయంలో ప్రపంచంలో ఎక్కడ ఉన్న ఇల్లయినా లెక్కలోకి వస్తుంది. 4,00,000 పౌండ్ల ఇంటికి, ఎన్నడూ ఇల్లులేని దంపతులు కట్టేది 5,000 పౌండ్లు. ఒకరి పేరిట 40,000 పౌండ్లకు తక్కువ కాని ఇల్లు మన దేశంలో ఉంటే, మొదటి ఇంటి రాయితీ పోయి, ధర మొత్తం మీద 5 శాతం అదనపు పన్ను పడి, అదే ఇంటికి 30,000 పౌండ్లు అవుతుంది. తాతగారి నుంచి వారసత్వంగా వచ్చిన ఇంటిలో వాటా కూడా దాచదగినది కాదు, అడగకపోయినా లాయరుకు చెప్పండి. ఖాళీ స్థలం, పొలం మాత్రం ఇందులోకి రావు. ఈ సంగతి కొన్నాక పన్నుశాఖ ఉత్తరంతో తెలిస్తే ఆ కుటుంబం పరిస్థితి ఏమిటో ఊహించుకుంటేనే నాకు గుండె బరువెక్కుతుంది.

మరి సొలిసిటరా, లైసెన్స్‌డ్ కన్వేయన్సరా? కన్వేయన్సర్లు 1985 నాటి చట్టంతో వచ్చినవారు, ముఖ్యంగా ఆస్తి బదిలీ పనే చేస్తారు. వాళ్ల మీద వేరే నియంత్రణ సంస్థ ఉంది, బీమా ఉంది, ఫిర్యాదుకు సొలిసిటర్లకున్న అదే లీగల్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. జీతంలో మిగిల్చిన డబ్బుతో మామూలు ఫ్రీహోల్డ్ ఇల్లు, అంటే స్థలంతో సహా మనదయ్యే ఇల్లు, కొనేవారికి మంచి కన్వేయన్సర్ చాలు. సరిహద్దు తగాదా, విడాకులు, అన్నదమ్ముల వాటాల పత్రం వంటివి ముడిపడి ఉంటే సొలిసిటర్ దగ్గరికే వెళ్లండి. లీజ్‌హోల్డ్ ఫ్లాటయితే, అంటే స్థలం వేరొకరిదై మనకు కొన్నేళ్ల గడువుకే హక్కు వచ్చేదయితే, బోర్డు మీద ఏ పేరుందన్నది కాదు, ఆ పనిలో అనుభవం ఎంతన్నది ముఖ్యం. లీజు 80 ఏళ్లలోపు మిగిలి ఉందా, భవన నిర్వహణకు కట్టే సర్వీస్ చార్జీ ఏటా ఎలా పెరుగుతోంది, ఎత్తైన భవనమయితే గోడల బయటి తొడుగు (క్లాడింగ్) అగ్నిప్రమాద పరీక్ష నెగ్గిందా అని వాళ్లే తవ్వి చూడాలి.

‘మనవాళ్ల లాయరయితే’ అని కొందరు అడుగుతారు. నాన్నగారి కాగితాలు చూడగానే అర్థం చేసుకునేవారు దొరకడం నిజంగా సుఖమే. అయితే మీకు గృహరుణం ఇచ్చే బ్యాంకు ప్యానెల్‌లో, అంటే ఆ బ్యాంకు ఒప్పుకున్న లాయర్ల జాబితాలో, వాళ్లు ఉన్నారో లేదో ముందు కనుక్కోండి. లేకపోతే బ్యాంకు తన తరఫున ఇంకొకరిని పెట్టి ఖర్చు మీ మీద వేయవచ్చు. తెలిసినవాళ్ల తాలూకు లాయరయితే ఆలస్యమైనప్పుడు గట్టిగా అడగలేని ఇబ్బంది కూడా ఉంది. మా సొలిసిటర్ ఆంగ్లేయురాలు, భారత్ నుంచి వచ్చిన సొమ్ముతో చాలా ఇళ్లు కొనిపించారు. నాకు కావలసింది ఆ అనుభవమే.

ధర విషయానికొస్తే, మొదటి సంస్థ చెప్పిన రేటు చూడటానికి తక్కువ. బహుమతి సొమ్ముకు అదనం, బ్యాంకు బదిలీకి అదనం, పన్ను పత్రం దాఖలు చేసినందుకు అదనం, అన్నీ కలిపితే రెండింటి మధ్య పెద్ద తేడా మిగల్లేదు. అందుకే ఎవరినైనా ‘మొత్తం ఎంత’ అని రాతపూర్వకంగా అడగండి. నా ఫైలు చూసేది ఎవరు, వారు సెలవులో ఉంటే ఎవరు, ఫోన్ నేరుగా వారికే వెళుతుందా అన్నది అంతకంటే ముఖ్యం. సొంత డబ్బు, కొత్త చిక్కులు లేని ఇల్లు, కంప్యూటర్ మీద అన్నీ చూసుకునే ఓపిక ఉన్నవారికి పెద్ద ఆన్‌లైన్ సంస్థ కూడా బాగానే చేసిపెడుతుంది. ఊరి నుంచి డబ్బు వస్తున్నా, అక్కడ ఇల్లు ఉన్నా, లీజు ఫ్లాటయినా నా ఓటు మనం వెతుక్కుని మాట్లాడి పెట్టుకున్న మనిషికే.

పెట్టుకున్నాక మన వంతు కూడా ఉంది. రోజుకో మెయిల్ పంపేకన్నా, ప్రశ్నలన్నీ అంకెలు వేసి వారానికొకటి పంపితే జవాబులు చక్కగా వచ్చాయి. ఎక్స్ఛేంజ్ రోజు నుంచే ఇంటికి బీమా తీసుకోమన్నారు, మామూలు కాంట్రాక్టులో ఆ రోజు నుంచి ఇంటికి ఏమైనా నష్టం మనదే. ఇక మొదటి రోజు ఇచ్చిన కాగితం చివర ఆవిడ తమ బ్యాంకు ఖాతా నంబరు, ఫోన్ నంబరు రాసి, ‘ఇది మారదు, మారిందని మెయిల్ వస్తే నాకు ఫోన్ చేయండి’ అన్నారు. డిపాజిట్ పంపాల్సిన ముందురోజు సాయంత్రం ఖాతా మారిందంటూ ఆవిడ పేరుతో మెయిల్ వచ్చింది. నా భార్య ఫ్రిజ్ మీద అంటించిన ఆ కాగితం తీసి, అందులోని ఫోన్ నంబరుకు చేసింది. ఆవిడ అలాంటి మెయిల్ పంపలేదు. మర్నాడు ఉదయం ఆ పాత ఖాతాకే ముందు ఒక్క పౌండు పంపి, అందిందని ఆవిడ నోటితో విన్నాక మిగతాది పంపాం.