తొమ్మిదేళ్ల డ్రై క్యాబినెట్: తలుపు మీద 45

కెమెరా లెన్సులకి తేమ తగలకుండా దాచుకునే కరెంటు పెట్టె, నా డ్రై క్యాబినెట్, తలుపు మీద ఎర్ర అంకెల్లో 45 అని వెలుగుతుంటుంది. లోపలి తేమ 45 శాతం అని అర్థం. ఎనిమిదేళ్లపాటు రాత్రి లైటు ఆర్పే ముందు ఆ అంకె ఒకసారి చూసి, ధైర్యంగా పడుకునేవాడిని. ఇప్పుడు అదే అంకెను చూస్తే కోపం వస్తోంది.

దీన్ని 2016లో కొన్నాను. కారణం హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న తుపాను మన విశాఖ దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు. పెదవాల్తేరులో మా ఇంటి కిటికీలు పోయి గదులన్నీ తడిశాయి. కెమెరా బ్యాగు అటక మీద భద్రంగానే ఉందనుకున్నాను. నెల తర్వాత తీసి చూస్తే, మొదటి పెళ్లిళ్ల సీజను డబ్బుతో కొన్న 85 ఎంఎం లెన్సులో ఫంగస్. శుభ్రం చేయించినా లాభం లేకపోయింది. ఆ బూజు వదిలే ఆమ్లం గాజు మీది కోటింగ్‌నే తినేస్తుంది.

తేమ 60 శాతం దాటితే బూజుకి పండగే. వానాకాలంలో మన ఊరి గాలిలో 80 దాటడం మామూలు. అందుకే అడిగినవాళ్లందరికీ, సముద్రం పక్కన ఉండే ఫొటోగ్రాఫర్ బీరువా కన్నా ముందు ఇది కొనాలని చెప్పేవాడిని. ఆ మాట ఇప్పుడూ వెనక్కి తీసుకోను. కాకపోతే అప్పుడు చెప్పనిది ఒకటుంది.

పై అరలో ఒక పాత 50 ఎంఎం లెన్సు ఉంటుంది. జగదాంబ దగ్గర ఒక స్టూడియోలో నేను పని నేర్చుకున్నాను. స్టూడియో మూసేసిన రోజు మాస్టారు దాన్ని నా చేతిలో పెట్టి, "పెళ్లిళ్లకి వాడకురా, నీకోసం వాడుకో" అన్నారు. అలాగే చేశాను. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరులో బోట్లు చేరేటప్పుడు, ఆడవాళ్లు చేపల వేలం దగ్గర గొంతెత్తి పాడేటప్పుడు తీసిన ఫొటోలన్నీ దానితోనే. ఇల్లు గడిచేది పెళ్లిళ్ల వల్లే. కానీ నా పని ఏదని ఎవరైనా అడిగితే ఆ హార్బరు ఫొటోలే చూపిస్తాను.

పోయిన ఏడాది ఆషాఢంలో ఎలాగూ పెళ్లిళ్లు లేవు. అమ్మకి ఒంట్లో బాగోక హార్బరుకీ వెళ్లలేదు. నెలన్నర క్యాబినెట్ తలుపు తీయలేదు. శ్రావణంలో మళ్లీ వెళ్లి ఎదురెండలో తీస్తే నలుపంతా బూడిదరంగుకి తిరిగింది. పొగమంచేమో అనుకున్నాను. రెండోరోజు కూడా అంతే. ఇంటికొచ్చి లెన్సు వెనక నుంచి టార్చి వేసి చూశాను. చివరి గాజు అంచున సన్నటి తెల్లని వేళ్లు పాకుతున్నాయి. తలుపు మీద మాత్రం 45.

కొన్ని వందలు పెట్టి చిన్న తేమ మీటరు కొన్నాను. దాన్నీ గుడ్డిగా నమ్మలేదు. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేలా నాలుగు చుక్కల నీళ్లు వేసి, మీటరుతో కలిపి జిప్ కవర్లో రాత్రంతా ఉంచాను. అలా ఉంచితే మంచి మీటరు 75 చూపించాలి. ఇది 74 చూపించింది. క్యాబినెట్‌లో పెట్టి రెండు గంటల తర్వాత చూస్తే 71.

మెకానిక్ విప్పి చెప్పింది విన్నాక నా బాధ ఇంకా పెరిగింది. తేమని పట్టే యంత్రం శుభ్రంగా ఉంది. అందులో ఒక ప్లేటు చల్లబడి, గాలిలో తేమ దాని మీద నీరై బయటికి పోతుంది. పాడైంది తేమని కొలిచే సెన్సార్. 45 దగ్గరే ఆగిపోయింది. నేను పెట్టింది కూడా 45 కాబట్టి, పనేమీ లేదనుకుని ప్లేటు చల్లబడడమే మానేసింది. అది నెలలా, ఏడాదా, ఎన్నాళ్లుగా అలా ఉందో తెలిసే దారి లేదు. సెన్సార్ ఒక్కటే విడిగా అమ్మరట. ప్యానెల్ మొత్తం మార్చాలన్నారు. అది రావడానికి ఆరు వారాలు పట్టింది. ఇంత ఖరీదైన పెట్టెలో ఒక బీప్ శబ్దమైనా పెట్టి ఉండాల్సింది.

లెన్సు దక్కింది. "కోటింగ్ దాకా పోలేదు సార్, తొందరగా తెచ్చారు" అన్నాడు రిపేరు అబ్బాయి. అంచున చిన్న మచ్చ మిగిలింది. ఎదురెండలో తీసేటప్పుడు చేయి అడ్డం పెట్టుకుంటున్నాను.

కొనాలా అంటే, నాలాగా సముద్రానికి దగ్గరగా ఉండి, నాలుగైదు లెన్సుల మీద బతికేవాళ్లు కొనండి. నేనూ ఇదే వాడుతున్నాను. ఒకే లెన్సు ఉండి వారం వారం బయటికి తీసేవాళ్లకి గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, తేమని పీల్చే సిలికా జెల్ చాలు. జెల్ రంగు మారితే ఓవెన్‌లో వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. ఏది కొన్నా, లోపల మీది ఒక మీటరు విడిగా పెట్టుకోండి.

ఈ ఏడాది ఆషాఢం రాకముందే మీటరుకి ఉప్పు పరీక్ష చేసి, క్యాబినెట్‌లో పెట్టి చూశాను. నా మీటరు 46, తలుపు 45. అయినా నెలకోసారి మాస్టారి లెన్సుకి టార్చి వేసి చూస్తున్నాను.