ఒటావాన్ పాటలు: ఫ్రెంచ్‌లో మేలా, ఇంగ్లీషులో మేలా?

ఒటావాన్ 1980 ప్రాంతపు ఫ్రెంచ్ డిస్కో బృందం, తన పాటల్ని రెండు భాషల్లోనూ పాడింది. ముందే చెప్పేస్తే, పార్టీలో పెట్టడానికైతే ఇంగ్లీషు 'హ్యాండ్స్ అప్', తీరిగ్గా వినడానికైతే ఫ్రెంచ్ 'తే ఓకే'. 'డి.ఐ.ఎస్.సి.ఓ.' ఏ భాషలో విన్నా పెద్దగా తేడా పడదు. ఎందుకో తెలియాలంటే ఈ జంట పాటలు ఎలా తయారయ్యాయో కాస్త చూడాలి.

ఒటావాన్ అంటే జనానికి కనిపించింది ఇద్దరే: జాఁ పాట్రిక్ బాప్తిస్త్, ఆనెట్. ఇద్దరివీ కరీబియన్ మూలాలు. వెనకాల పాట కట్టి, రికార్డు చేయించి, బజారుకి పంపింది మాత్రం డానియెల్ వాంగార్డ్, జాఁ క్లూగెర్ అనే నిర్మాతలు. గిబ్సన్ బ్రదర్స్ అనే మరో బృందం చేత 'క్యూబా' పాడించిందీ వీళ్లే. ఒకే ట్యూనుకి ఫ్రెంచ్ సాహిత్యం ఒకటి, ఇంగ్లీషు సాహిత్యం ఒకటి రాయించి, ఇంటి మార్కెట్‌కి ఒక రికార్డు, బయటి దేశాలకు ఇంకో రికార్డు పంపడం వీళ్ల లెక్క. ఒటావాన్ పేరుతో ఇద్దరు గాయకులు ఎంత పైకెళ్లినా, ఆ లెక్క గాయకుల చేతిలో లేదు.

1979 జులైలో చికాగోలో డిస్కో నచ్చనివాళ్లు డిస్కో రికార్డులు పోగేసి పేల్చేశారు. అమెరికాలో డిస్కో పని అయిపోయిందనుకున్న ఆ రోజుల్లోనే యూరప్‌లో ఒటావాన్ మొదలైంది. 1980లో ఇంగ్లీషు 'డి.ఐ.ఎస్.సి.ఓ.' బ్రిటన్ చార్టులో 2వ స్థానం దాకా వెళ్లింది. పాట కిటుకల్లా అక్షరాల్లోనే ఉంది: ఐదు అక్షరాలు, ఒక్కో దానికి అమ్మాయి గురించి ఒక్కో మాట. వినేవాడికి భాష రాకపోయినా ఐదు అక్షరాలు వస్తే చాలు, గొంతు కలిపేస్తాడు. అందుకే ఇక్కడ భాష గురించి తగువు అనవసరం. ఏది దొరికితే అది వినండి.

'తే ఓకే' దగ్గర తేడా గట్టిగా కనిపిస్తుంది. ఫ్రెంచ్ పల్లవిలో మూడు పొట్టి ముక్కలు వరసగా వచ్చి పడతాయి, ప్రతి ముక్కా డ్రమ్ము దెబ్బ మీదే కూర్చుంటుంది. అప్పటి కుర్రకారు యాస అది, నోట్లో తిరగడానికే రాసినట్టుంటుంది. ఇంగ్లీషు 'యు ఆర్ ఓకే'లో ఆ పదును పోయి, మాటలు ట్యూనుకి సరిపెట్టినట్టు వినిపిస్తాయి. బ్రిటన్‌లో అది 56వ స్థానం దగ్గరే ఆగిపోయింది. మొదటి పాట అంత ఎక్కిన చోట రెండోది ఇలా జారడానికి ఇదొక్కటే కారణమని అనలేం గానీ, రెండూ పక్కపక్కన వింటే నా ఓటు ఫ్రెంచ్‌కే.

ఈ ట్యూను మనకి కొత్త కాదు. 1982 నాటి 'డిస్కో డాన్సర్'లో బప్పీలహరి చేసిన 'జిమ్మీ జిమ్మీ' పల్లవికి ముడిసరుకు ఇదే. 1984లో బాలకృష్ణ చేసిన 'డిస్కో కింగ్' ఆ హిందీ సినిమాకి రీమేక్. అందుకే మన చెవికి ఫ్రెంచ్ రికార్డు మొదటిసారే తెలిసినదానిలా తగులుతుంది. 'జిమ్మీ జిమ్మీ' పాడిన పార్వతీ ఖాన్ గొంతులో ఉన్న లాగుడు ఒటావాన్ పాటలో లేదు. అక్కడంతా చురుకే.

'హ్యాండ్స్ అప్' (ఫ్రెంచ్‌లో 'ఓ లె మేఁ') 1981లో బ్రిటన్‌లో 3వ స్థానానికి వెళ్లింది. ఈ పాటకి ఇంగ్లీషే మేలు. పల్లవి ఒక ఆజ్ఞ: చేతులెత్తు. తెలిసిన భాషలో వింటే జనం ఆలోచించకుండా చేతులెత్తుతారు, ఫ్రెంచ్‌లో పెడితే ఫ్రెంచ్ రానివాళ్లు పక్కవాడి చేతులు చూసి ఎత్తాలి. పెళ్లి సంగీత్‌లో వేయాలనుకుంటే పిల్లలూ పెద్దలూ కలిసి నిలబడి ఉన్న సమయం చూసుకోండి. భోజనాలు వడ్డిస్తుండగా వేస్తే చేతిలో ప్లేటుతో ఎవరూ చేతులెత్తరు. తర్వాత వచ్చిన 'హెల్ప్' మాత్రం నిర్మాతలు తమ పాత పాటనే మళ్లీ పాడించింది. 1970ల మొదట్లో దాన్ని టోనీ రొనాల్డ్ అనే గాయకుడు పాడాడు. ఒటావాన్ పాడినదానికి బ్రిటన్‌లో 49వ స్థానం. వదిలేసినా నష్టం లేదు.

ఇక ఎక్కడ పొరపాటు జరుగుతుందంటే, పాట ఎంచుకోవడంలో కాదు, రికార్డింగు ఎంచుకోవడంలో. ఈ తరం పాప్ పాటలకి గాయకులు తర్వాతెప్పుడో మళ్లీ పాడిన వెర్షన్లు, రీమిక్సులు స్ట్రీమింగ్‌లో కలగలిసి ఉంటాయి, బొమ్మ మాత్రం పాతదే పెడతారు. 'డి.ఐ.ఎస్.సి.ఓ.'ని 1997లో ఎన్-ట్రాన్స్ బృందం కూడా చేసింది, వెతుకులాటలో అదీ ఎదురవుతుంది. నిర్మాతలుగా వాంగార్డ్, క్లూగెర్ పేర్లు, 1979-81 మధ్య సంవత్సరం ఉన్నాయో లేదో చూడండి. డ్రమ్ములు మరీ శుభ్రంగా, గొంతు మరీ ముందుకి వచ్చి వినిపిస్తే అనుమానించండి.

వినైల్ రికార్డులు కొనేవాళ్లకైతే ఇంకో మాట. 7 అంగుళాలది రేడియో కోసం కుదించిన పాట. మిక్సు చేసుకోవడానికి 12 అంగుళాల 'మాక్సీ' మేలు, బీటు ముందూ వెనకా ఎక్కువ ఉంటుంది. చాలా మాక్సీలు నిమిషానికి 45 చుట్ల వేగంతో తిరగాల్సినవి. పెద్ద రికార్డు కదా అని 33కి పెడితే పాట నాలుగో వంతుకి పైగా నెమ్మదించి, ఆనెట్ గొంతు మగగొంతులా మారుతుంది. లేబుల్ మీద వేగం చూసి స్విచ్ తిప్పండి. కొనేముందు ఏ వైపు ఏ భాషో కూడా లేబుల్ మీదే చూసుకోండి, అట్ట మీద పేరు చూసి నిర్ణయించవద్దు.

వాంగార్డ్ అసలు ఇంటిపేరు బంగాల్టర్. డాఫ్ట్ పంక్ అనే ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ సంగీత జంటలో ఒకరైన థామస్ ఈయన కొడుకే. 2013 నాటి వాళ్ల 'గెట్ లక్కీ' విన్నాక 'హ్యాండ్స్ అప్' వినండి. ఇంట్లోనే డిస్కో తయారవుతుండగా పెరిగిన పిల్లాడని ఇట్టే తెలిసిపోతుంది.