అహోబిలం నడక: తొమ్మిదీ ఒక్క రోజులో పెట్టుకోకండి

ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి తెల్లవారుజామున ఐదున్నర. టీ కొట్టు దగ్గర ఒక జీపు డ్రైవరు మమ్మల్ని చూడగానే పసిగట్టేశాడు. "నవనారసింహాలా సార్? తొమ్మిదీ చూపించి సాయంత్రానికి ఇక్కడే దింపేస్తా" అన్నాడు. నవనారసింహాలంటే అహోబిలంలో ఉన్న తొమ్మిది నరసింహస్వామి గుళ్ళు. మా బావ సరే అనబోతుంటే మా మేనత్త అడ్డుపడింది. "దర్శనానికి వచ్చామా, హాజరు వేయించుకోడానికి వచ్చామా?"

ఆ ఒక్క మాటతో మా ప్లాన్ మారిపోయింది. రెండు రాత్రులు ఉన్నాం. ఇప్పుడు ఎవరడిగినా అదే చెబుతున్నాను. అహోబిలంలో అసలు చూడాల్సింది గుడికీ గుడికీ మధ్య ఉన్న అడవి. ఒక్క రోజులో తొమ్మిదీ అంటే పరిగెత్తడం తప్ప అడవిని చూసేది ఉండదు.

ముందు ఊరి అమరిక అర్థం చేసుకోండి, సగం టెన్షన్ పోతుంది. దిగువ అహోబిలం కింద మైదానంలో ఉంది. అక్కడి నుంచి ఎగువ అహోబిలానికి రోడ్డు మీద 8 కిలోమీటర్లు. ఛత్రవట, యోగానంద, భార్గవ నరసింహాలు దిగువకి దగ్గర. కానుగ చెట్టు కింద విల్లు పట్టుకుని కూర్చున్న కారంజ నరసింహుడు ఎగువకి వెళ్ళే రోడ్డు పక్కనే ఉంటాడు. అహోబిల నరసింహస్వామి ఎగువ గుడిలోనే. క్రోడ, జ్వాల, మాలోల నరసింహాలకి అక్కడి నుంచి కాలినడకే. పావన నరసింహం ఒక్కటి వీటన్నిటికీ దూరంగా, నల్లమల లోపల.

బసకి దిగువలోనే ఉండటం మంచిది. టూరిజం వాళ్ళ హరిత హోటలుంది, అహోబిల మఠం గదులున్నాయి, కులసంఘాల సత్రాలు చాలానే ఉన్నాయి. మేం ఫోన్లో మాట్లాడుకున్న ఒక సత్రంలో దిగాం. పేరెందుకులెండి. "ఇరవై నాలుగ్గంటలూ వేడినీళ్ళు" అన్న మనిషి, తీరా అడిగితే పెరట్లో కట్టెలపొయ్యి మీద కాగుతున్న అండా చూపించి బకెట్ చేతికిచ్చాడు. అత్తకి అదే నచ్చింది, మా బావ మాత్రం రెండు రోజులూ సణుగుతూనే ఉన్నాడు. గదైతే శుభ్రంగా ఉంది, దోమలు మాత్రం దండిగా ఉన్నాయి. శని, ఆదివారాల్లో వెళ్తే గది ముందే ఖాయం చేసుకోండి. స్వామి జన్మనక్షత్రమైన స్వాతి రోజైతే చెప్పనే అక్కర్లేదు.

మొదటి రోజు దిగువవి చూశాం. వీటికి ఆటో చాలు, జీపు అక్కర్లేదు. దిగువలో పెద్ద గుడి ప్రహ్లాదవరదుడిది, తొమ్మిదిలో లెక్క కాదు, విజయనగర కాలపు పనితనం. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర కాలంలో ఇక్కడికి వచ్చి కానుకలిచ్చినట్టు 1515 నాటి శాసనం ఉంది. మండపం స్తంభాలు చూస్తూ గంటసేపు తిరగొచ్చు. ఛత్రవట దగ్గర హాహా, హూహూ అనే గంధర్వులు పాడితే స్వామి తాళం వేశాడని కథ. అక్కడి విగ్రహం ముఖంలో నిజంగానే పాట వింటున్న మనిషి కళ ఉంది. యోగానందం దగ్గర ఎక్కువసేపు ఆగలేదు.

రెండో రోజు పొద్దున్న ఆరున్నరకల్లా ఎగువకి చేరాం. మేం వెళ్ళింది డిసెంబరు మొదటి వారం. వానలు వెనకబట్టి, భవనాశిని వాగులో నీళ్ళు ఇంకా పారుతున్న సమయం. అదే సరైన కాలమని నా లెక్క. ఏప్రిల్, మే నెలల్లో ఆ బండల మీద నడవడం శిక్షే. పెద్ద వానల్లో అయితే వాగు దాటడం ప్రమాదం.

గుడి దగ్గరే కర్రలు అమ్ముతారు. ఇరవై రూపాయలు పెట్టి మూడు కొన్నాం. మా బావ వద్దన్నాడు కానీ మొదటి వాగు దాటేలోపు నా కర్ర లాక్కున్నాడు. కర్ర ఎక్కడానికి కాదు, దిగేటప్పుడు మోకాళ్ళకి, మధ్యలో కోతులకి. చేతిలో ప్లాస్టిక్ కవరు కనిపిస్తే కోతులు వదలవు, భుజాన సంచి వేసుకుని జిప్పు బిగించండి.

దారి చూపించడానికి స్థానికుణ్ణి ఒకరిని మాట్లాడుకున్నాం. జ్వాలా నరసింహం వరకూ దారి తెలుస్తూనే ఉంటుంది, మనుషులూ ఉంటారు, గైడు లేకపోయినా పర్లేదు. కానీ ఆయన లేకపోతే మేం సగం చూసేవాళ్ళం కాదు. ఏది నల్లమద్దో, ఏది ఎర్రచందనమో, ఎలుగుబంటి ఎక్కడ చెదపుట్ట తవ్విందో చూపించాడు. అత్త తలెత్తి కొమ్మల్లోకి చూస్తుంటే "పైకి చూడాకండమ్మా, కాళ్ళకాడ చూడండి" అని హెచ్చరించేవాడు. ఎంతిస్తామో ఎగువలోనే తేల్చుకోండి, ఎంతసేపు అనేది కూడా. తిరిగొచ్చాక బేరమాడితే ఇద్దరికీ ఇబ్బంది.

మొదట భవనాశిని ఒడ్డున క్రోడ నరసింహం. చిన్న గుహ, భూదేవిని ఎత్తుకున్న వరాహమూర్తి. అక్కడి నుంచి జ్వాలా నరసింహం దాకా దారి వాగుని పట్టుకునే పోతుంది. కాసేపు బండలు, కాసేపు మెట్లు, మధ్యమధ్య వంతెనలు. ఈ బండలు వంద కోట్ల ఏళ్ళకు పైబడినవి. పొరలు పొరలుగా, చపాతీలు దొంతర పెట్టినట్టు కనిపిస్తాయి. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించింది పద్నాలుగో శతాబ్దపు ప్రోలయ వేమారెడ్డి అని అంటారు. ఈ రాళ్ళ మీద రెండు గంటలు నడిచాక ఆ కూలీల మీద గౌరవం పెరిగింది.

జ్వాల చేరేముందు కొండచరియ కింది నుంచి నడవాలి. పైనుంచి నీళ్ళు సన్నగా దారి మీదే పడుతుంటాయి. తప్పించుకుని పోయే వీల్లేదు, తడవాల్సిందే. ఫోను ముందే కవర్లో పెట్టుకోండి, నాది తడిసింది. ఆ గుహలోనే హిరణ్యకశిపుణ్ణి తొడమీద వేసుకున్న ఎనిమిది చేతుల స్వామి. పక్కనే రక్తకుండం. సంహారం తర్వాత స్వామి చేతులు కడుక్కున్న గుంట అంటారు. పైనుంచి చూస్తే నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, దోసిట్లోకి తీసుకుంటే తేటగా ఉన్నాయి. అడుగున ఎర్రమట్టి కావచ్చు అన్నాను. అత్త నా వంక చూసిన చూపుకి ఇంకేం మాట్లాడలేదు.

నడవలేనివాళ్ళకి డోలీలున్నాయి. నలుగురు మనిషిని మోసుకుంటూ ఆ తడిబండల మీద చెప్పులు కూడా లేకుండా పోతుంటే చూడటం నాకు కష్టమనిపించింది, కానీ వాళ్ళ జీవనం అదే. అరవై రెండేళ్ళ మా అత్త డోలీ వద్దంది. ఆగి ఆగి నడిచింది, మా బావ కంటే ముందే చేరింది.

ఉగ్రస్తంభం సంగతి వేరు. జ్వాల దారిలోంచి చీలి నిటారుగా పైకి ఎక్కాలి. మెట్లుండవు. రాళ్ళు, వేళ్ళు పట్టుకుని పాకడమే. కొండ నిలువునా చీలి నిలబడ్డ చోటు అది, స్వామి చీల్చుకుని వచ్చిన కంబం అదేనని నమ్మకం. అత్తని జ్వాల దగ్గర కూర్చోబెట్టి మేమిద్దరం గైడుతో ఎక్కాం. పైనుంచి నల్లమల దొంతరలు దొంతరలుగా కనిపించిన మాట నిజమే. కానీ దిగేటప్పుడు మా బావ వదులు రాయి మీద కాలేసి మూడడుగులు జారాడు, అరచెయ్యి చెక్కుకుపోయింది. గైడు చొక్కా పట్టుకుని ఆపకపోతే ఏమయ్యేదో. వయసులో ఉన్నవాళ్ళు, వానల్లేక రాళ్ళు పొడిగా ఉన్నప్పుడు, గైడుతో అయితే సరే. చిన్నపిల్లలతో మాత్రం వద్దు. నేనైతే మళ్ళీ ఎక్కను.

తిరుగుదారిలో మాలోల నరసింహం. మా అంటే లక్ష్మి, ఆమె మీద లోలుడు. ఉగ్రరూపాలన్నీ చూసొచ్చాక లక్ష్మిని పక్కన పెట్టుకుని కూర్చున్న ఈ స్వామి దగ్గర ప్రాణం కుదుటపడుతుంది. ఇక్కడి ఉత్సవమూర్తే అహోబిల మఠం పీఠాధిపతి జీయరు వెంట ఊరూరా తిరుగుతారట. దగ్గర్లోనే ప్రహ్లాద బడి, నీళ్ళు కారే గుహ. బండ మీది గీతల్ని ప్రహ్లాదుడు దిద్దిన అక్షరాలని చూపిస్తారు.

ఎగువకి వచ్చేసరికి రెండు దాటింది. మధ్యాహ్నం గుడి మూస్తారు, కాబట్టి అక్కడి దర్శనం పొద్దున్నే చేసేసుకోండి. అన్నదానంలో తిన్న పప్పూ అన్నం, మజ్జిగ ఇప్పటికీ గుర్తే. బయట టిఫిన్ కొట్లలో దొరికేది చల్లారిన ఇడ్లీ. దారి పొడుగునా కొట్లుంటాయని నమ్మి నీళ్ళు లేకుండా బయల్దేరకండి.

మూడో రోజు పొద్దున్న పావనానికి జీపు. దాన్ని దారి అనడానికి మనసొప్పదు. తల పైకప్పుకి తగలకుండా కూర్చోవడమే పెద్ద పని. నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఆలోచించుకోవాలి. చెంచులు పాములేటి నరసింహస్వామి అని కొలిచేది ఈయన్నే. చెంచులక్ష్మిని పెళ్ళాడాడు కాబట్టి స్వామి వాళ్ళకి అల్లుడు. సంక్రాంతి పండగ నుంచి నలభై రోజులకు పైగా జరిగే పారువేటలో ఉత్సవమూర్తి పల్లకిలో చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, తన పెళ్ళికి రమ్మని పిలుస్తాడు. ఆ రోజుల్లో వెళ్తే ఉత్సవమూర్తి గుడిలో ఉండడు, ఏ ఊళ్ళో ఉన్నాడో కనుక్కుని వెళ్ళాలి.

తిరుగు ప్రయాణంలో డ్రైవరు తొందరపెట్టాడు, ఇంకో బేరం ఉందట. అందుకే భార్గవ నరసింహం మిగిలిపోయింది. ఆ మెట్లెక్కి దిగితే ఆళ్లగడ్డ బస్సు తప్పుతుందని లెక్కేసి వదిలేశాం. అత్త పట్టించుకోలేదు. మా బావే కర్నూలు దాటేదాకా "ఆ జీపువాణ్ణి మాట్లాడుకుని ఉంటే తొమ్మిదీ అయ్యేవి" అంటూ వచ్చాడు.